కొంప ముంచిన ‘డు’
లారీల షెడ్డులో వెల్డరుకి నిప్పురవ్వల కంటే తన నాలుకంటేనే భయం. అతని ప్రాణమంతా ఒక బస్సు డ్రైవరు మీదే. కానీ ఆడదాని ఊసెత్తనివాణ్ణి షెడ్డులో బతకనివ్వరు. అందుకే నాలుగేళ్ళుగా ఆ మగమనిషినే ఆడమనిషిని చేసి చెబుతున్నాడు: వచ్చింది, అలిగింది, తిట్టింది. ఒక్క ‘డు’ పడితే కొంప మునిగినట్టే.

ఇవాళ టీ తాగుతూ ఏమరుపాటున అనేశాడు: “పొద్దున్నే ఫోన్ చేసి ఏడ్చాడన్నా.”

మేస్త్రీ గ్లాసు దించాడు. “ఏడ్చాడా? ఎవడ్రా?”

వెల్డరు గబుక్కున ఓ గుక్క టీ మింగాడు. “అదే... వాళ్ళ నాన్న. పిల్లనిస్తానని.”

షెడ్డంతా ఈలలు. మేస్త్రీ అతని వీపు చరిచాడు. “ఓరి పెళ్ళికొడకా! ఆదివారం అందరం వస్తున్నాం. పిల్లని మేం చూడొద్దూ?”