గోదారి మధ్యలో ఆగిన పెళ్లివారు

మా చిన్నప్పుడు... మా పిన్ని పెళ్లిరోజున మగపెళ్లివారు గోదారి మధ్యలో ఆగిపోయారు.

అమ్మమ్మగారిది కోనసీమలో, సముద్రానికి దగ్గరగా గోదారి ఒడ్డునున్న ఊరు. పెళ్లికొడుకుది అవతలి ఒడ్డు, నరసాపురం వైపు. మధ్యలో వంతెన లేదు... రెండు పడవలు జతచేసి బల్లలు పరిచిన పంటే దిక్కు. ఆరోజు వాళ్లు బయలుదేరడం ఆలస్యమైంది. ఈలోగా పాటు వచ్చి నీళ్లు సముద్రంలోకి తీసేశాయి. పంటు ఇసుకమేట మీద కూర్చుండిపోయింది, బ్యాండువాళ్లతో సహా...

ముహూర్తం మధ్యాహ్నానికి. తాతయ్య కండువా నెత్తిన వేసుకుని రేవులో అటూ ఇటూ తిరుగుతున్నారు.

"పోటెక్కేదాకా కదలదండి," అన్నాడు రేవులో ఉన్న ఇంకో పడవ నడిపే సరంగు.

"ఈలోగా ముహూర్తం దాటిపోతే?" అన్నారు తాతయ్య.

అమ్మమ్మ మాత్రం వంటవాళ్ల వైపు నడిచింది. "గోదారిని మనం తొందరపెట్టలేమండి. పాపం, వాళ్లు పొద్దున్నెప్పుడు తిన్నారో ఏమో. ముందు పులిహోర పంపండి."

మావయ్య చిన్న నావలో పులిహోర గంగాళం, మజ్జిగ కుండ పెట్టించాడు. నేనూ ఎక్కేశాను.

పంటు మీద అందరి ముఖాలూ వాడిపోయి ఉన్నాయి. పెళ్లికొడుకు తల్లి మాతో మాట్లాడలేదు. విస్తరి చేతికిచ్చాక మాత్రం, "అల్లం బాగా పడింది," అన్నారు.

పెళ్లికొడుకేమో పంచె ఎగదోపి, మోకాలిలోతు బురదలో సరంగులతో కలిసి పంటును నెడుతున్నారు. నన్ను చూసి మెల్లగా అడిగారు. "మీ పిన్ని కంగారు పడుతోందా, అమ్మలూ?"

"లేదండి... జడ బరువుగా ఉందని గొడవ చేస్తోందండి."

ఆయన పకపకా నవ్వేశారు.

కాసేపటికి సముద్రం వైపు నుంచి నీళ్ల రంగు మారింది. పంటు కింద గలగలమంది... మెల్లగా ఊగింది.

ముహూర్తానికి కాస్త ముందు ఒడ్డుకు చేరారు. పెళ్లికొడుకు బురద కాళ్లతో అలాగే వచ్చి పీటల మీద కూర్చున్నారు. తాతయ్య కాళ్లు కడగబోతే ఒండ్రు వదల్లేదు. రెండో బిందె తెప్పించారు. "అందరూ శాస్త్రానికి కడుగుతారు బాబూ, నాకు నిజంగానే కడగాల్సొచ్చింది," అన్నారు. తెర వెనక పిన్ని నవ్వు పందిరంతా వినబడింది...

మాది చిన్న జిల్లా. రెండు పక్కలా గోదారి పాయలు, ఇంకో పక్క సముద్రం. ఎటు వెళ్లాలన్నా నీళ్లు దాటాల్సిందే. అందుకేనేమో, మావాళ్లకు ఎదురుచూడడం కష్టమనిపించేది కాదు.

మొన్న ఆదివారం పిన్నీ బాబాయీ మియాపూర్ నుంచి నల్లగండ్లలో మా ఫ్లాటుకు వచ్చారు. ఈ కథ వింటూ, ఇక్కడే పుట్టిపెరిగిన ఎదురింటి అండాలమ్మగారు అడిగారు. "అగో, మరి నీళ్లు రాకపోతే పెండ్లి ఏమైతుండె?"

"ఏముందండీ, ఇంకో విస్తరి పులిహోర తినేవాళ్లం, ఆయ్," అన్నారు బాబాయి.

ఇప్పుడు మా వైపు చాలా రేవుల్లో వంతెనలొచ్చాయి. మంచిదే... కార్లో కళ్లు మూసి తెరిచేలోగా గోదారి దాటిపోతున్నాం. పోటెప్పుడో, పాటెప్పుడో మా పిల్లలకు తెలియాల్సిన అవసరమే లేదు.

మీ ఊళ్లో మనుషుల్ని అలా కాసేపు ఆపి, ఒకచోట కూర్చోబెట్టేది ఏముండేదండీ?