తోలు తగలని నెత్తి

నేను గొప్ప ఆటగాణ్ణి కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. కర్నూలు, నంద్యాల, కడప, ఆదోని ఊళ్లలో ఆ రోజుల్లో ఫుట్‌బాల్ జట్లు వానాకాలం పుట్టగొడుగుల్లా లేచేవి, ఎండాకాలానికి పోయేవి. వాటిలో చాలావాటికి నేను సెంటర్ ఫార్వర్డుగా ఆడాను. అంటే అందరికంటే ముందు నిలబడి గోలు కొట్టవలసినవాణ్ణి. ఒక ఏడు పోలీసుల జట్టు, మరో ఏడు లారీల షెడ్డు వాళ్ల జట్టు, ఇంకో ఏడు మిషన్ ఆసుపత్రి జట్టు. ఎవరికి ఫార్వర్డు తక్కువైతే వాళ్లు కబురు పెట్టేవారు. రైలు టికెట్టు, పూటకూళ్ల ఇంట్లో అన్నం, గెలిస్తే ఒక పంచె. జట్టు చెదిరితే మళ్లీ మూట కట్టుకోవడమే.

ఏ జట్టూ నన్ను రెండో ఏడు ఉంచుకోలేదు. తప్పు నా కాళ్లది కాదు. మాది కోడుమూరులో మగ్గం నేసే ఇల్లు. గుంటలో కూర్చుని మగ్గం కర్రలు తొక్కుతూ పెరిగిన కాళ్లు నావి. ఉత్త కాళ్లతోనే బంతిని గోలు కాసే గోలీ చేతుల్లోంచి చీల్చుకుపోయేలా తన్నేవాణ్ణి. చిక్కంతా నెత్తితోనే. బంతి తల ఎత్తున వస్తే చాలు, నేను పక్కకు తప్పుకునేవాణ్ణి. నంద్యాలలో ఎవడో నాకు ‘నెత్తి లేని ఫార్వర్డు’ అని పేరు పెట్టాడు. ఆ పేరు నాకంటే ముందే రైలెక్కి కడప చేరేది. నేను మైదానంలో దిగేసరికి జనం నవ్వడానికి సిద్ధంగా ఉండేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది. కానీ కారణం జనంలో చెప్పేది కాదు.

అసలు సంగతి మా నాయనది. నేను బాగా చిన్నప్పుడు మా నాయన ఊళ్లో ఒక సావుకారి దగ్గర నూలు తెచ్చి చీరలు నేసి ఇచ్చేవాడు. ఒకసారి అంచులో పోగు తప్పింది. సావుకారి తన అరుగు మీద చీర విప్పి, తప్పు చూసి, కాలి చెప్పు తీసి మా నాయన నెత్తి మీద కొట్టాడు. సంత రోజు. బజారు నిండా జనం. నేను చూడలేదు గానీ ఊరంతా చూసింది. మా నాయన నిలబడ్డచోటి నుంచి కదలకుండా దెబ్బ తిని, భుజం మీది రుమాలు తలకు చుట్టుకుని ఇంటికొచ్చాడు. ఆ రుమాలు మళ్లీ మా ఎదుట తీయలేదు. పడుకున్నా అదే, తిన్నా అదే. స్నానం ఊరి బయట బావి దగ్గర, ఎవరూ లేవకముందే చేసి వచ్చేవాడు. మేమూ అడగలేదు. ఆ సావుకారి నూలు ఆయన మళ్లీ ముట్టుకోలేదు. కర్నూలు దాకా నడిచిపోయి ఇంకొకరి దగ్గర తెచ్చుకునేవాడు.

తరువాత నేను కర్నూలులో మిషన్ బడిలో చేరి, అక్కడి డ్రిల్లు మేస్టరు చేతిలో బంతి చూశాను. లోపలి రబ్బరు తిత్తిని నోటితో ఊది, పైన తోలు నోరును తోలు తాడుతో బిగించి కట్టే బంతి. ఆ తాడు కట్టిన చోట గట్టిగా, ఎత్తుగా ఉండేది. నాకు పిచ్చి పట్టింది. సెలవులకు ఇంటికొచ్చి అదే మాట, అదే ఆట. పక్కింటామె మా అమ్మ చెవిన ఆ బంతి దేంతో చేస్తారో వేసింది.

మా అమ్మ రాట్నం ఆపి నన్ను ఎదురుగా కూర్చోబెట్టింది.

“ఆ బంతి తోలుదా?”

“అవునమ్మా.”

“కాలికి తగిలితే తగలనీ. చెప్పులేసుకోమా ఏమి? నెత్తికి మాత్రం తగలనీయొద్దు. ఈ ఇంట్లో నెత్తికి తోలు తగిలింది ఒక్కతూరి చాలు నాయనా.”

నా చెయ్యి పట్టుకుని తన నెత్తి మీద పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది. ఎందుకని అడగవలసిన పని నాకు లేదు. లోపల మగ్గం చప్పుడు ఆగి ఉంది. మా నాయన వింటున్నాడు.

డ్రిల్లు మేస్టరుకు చెప్తే ఆయన తల పట్టుకున్నాడు. “సగం ఆట ఇడిసిపెట్టి ఆడతానంటాండావు కదప్పా!” అన్నాడు. అయినా మంచివాడు. తల ఎత్తున వచ్చే బంతిని రొమ్ముతో ఆపి కిందికి దించుకోవడం నేర్పాడు. ఆ దించుకునే క్షణంలో ఎదుటి జట్టులో వెనక కాపలా ఉండే బ్యాకు వచ్చి పడేవాడు. అలా పోయిన గోల్సు నాకు కలల్లో కూడా వచ్చేవి.

యుద్ధం వచ్చింది. నూలు మాయమైంది. కర్నూలులో మా నాయనకు నూలిచ్చేవాడు దుకాణం మూసేశాడు. పర్మిట్ల నూలు వచ్చేది ఊళ్లో ఒక్కరికే. ఎవరికో చెప్పనక్కరలేదు. మా మగ్గం ఖాళీగా పడి ఉంది. అప్పటికి నేను ఆదోనిలో ఒక పత్తి మిల్లు జట్టుకు ఆడుతున్నాను. మోకాళ్లు అరిగాయి. మెట్లు దిగితే కటకటమనేవి. ఇంకో జట్టు కబురు పెడుతుందన్న ఆశ నాకే లేదు.

కడపలో కప్పు ఆట ఉందనీ, బాగా ఆడితే మిల్లులో పని ఇస్తారనీ వినగా ఇంటికి పోయి చెప్పి వచ్చాను. నేను బయలుదేరుతుంటే మా నాయన ఖాళీ మగ్గం వైపు చూస్తూ అన్నాడు.

“ఈ ఆటతో నీకు మిల్లులో పని కుదిరితే సరే. కుదరకుంటే నేను ఆయప్ప కాడికి పోతా. నూలు ఇంకెవురి కాడా ల్యాదు.”

మా అమ్మ చేతిలోని చెంబు కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆ అరుగు ముందు, ఆ రుమాలు చుట్టుకున్న తలతో, నూలు ఇమ్మని మా నాయన నిలబడటం నా కళ్లకు కట్టింది. ఆదోని దాకా లారీ మీద ఆ ఒక్క బొమ్మే.

ఆదోని స్టేషనులో మిల్లు మేనేజరు నన్నూ, జట్టులో ఇంకో ఫార్వర్డునూ పక్కకు పిలిచాడు. ఆ ఇంకొకడు పత్తికొండ వైపు కుర్రవాడు. తాటిచెట్టంత పొడుగు. గాలిలో వచ్చే ప్రతి బంతీ అతని నెత్తిదే.

“మిల్లులో పర్మనెంటు పని ఒకటే ఖాళీ ఉంది. కడపలో మీ ఇద్దరి ఆటా చూస్తాను. ఒకరిని ఉంచుకుంటాను” అన్నాడు మేనేజరు, వక్కాకు కొనుక్కున్నంత తేలిగ్గా.

రైల్లో ఆ పత్తికొండ కుర్రవాడు నా పక్కనే కూర్చున్నాడు. వేయించిన శెనక్కాయల మూట విప్పి, “తినన్నా, కడప ఇంకా యాడుండాదో” అన్నాడు. మంచి పిల్లవాడు. వాడిమీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. అది నాకు మరీ చిరాకు.

కడప మైదానంలో గడ్డి అన్నది లేదు. గులకరాళ్లు, వేడిగాలి, చుట్టూ జనం. కడప బ్యాకుల్లో ఒకడు బూట్లు వేసుకున్నాడు. మా వాళ్లందరివీ ఉత్త కాళ్లే. మా కెప్టెన్ ఆదోని సాయిబు, ఎడమ వైపు అంచున ఆడేవాడు. నా ఒట్టు సంగతి తెలిసిన మనిషి జట్టులో అతనొక్కడే. నా కోసం బంతిని ఎప్పుడూ నేల మీదే పంపేవాడు. “నీకు కిందనే ఇస్తా లేప్పా, నువ్వు గుబులు పడొద్దు” అని ఆటకు ముందు నా వీపు తట్టాడు.

ఆట మొదలైన కాసేపటికే కడపవాళ్లు గోలు కొట్టారు. తరువాత కుడి పక్క నుంచి వచ్చిన బంతిని పత్తికొండ కుర్రవాడు తలతో ఒక్క పొడుపు పొడిచి లెక్క సరిచేశాడు. నేను వాణ్ణి కౌగలించుకున్నాను. కౌగలించుకుంటూనే గొడుగు కింద కుర్చీలో కూర్చున్న మేనేజరు వైపు చూశాను. ఆయన నవ్వుతున్నాడు.

విరామం తరువాత నాకొక అవకాశం వచ్చింది. బంతి సరిగ్గా నా నుదుటి ఎత్తున వచ్చింది. గోలీ ఎటో ఉన్నాడు. అలవాటు చొప్పున ఒళ్లు వెనక్కి వంచి రొమ్ము చూపించాను. బంతి ఎగిరి తిన్నగా గోలీ చేతుల్లో పడింది.

“ఏమప్పా, నెత్తి యాడ పెట్టొచ్చినావు?” అని ఎవడో అరిచాడు. మైదానమంతా నవ్వింది. మేనేజరు పక్కనున్న గుమాస్తా చెవిలో ఏదో అన్నాడు. గుమాస్తా నా వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. అయిపోయింది అనుకున్నాను. రేపో ఎల్లుండో మా నాయన లేచి, చెప్పులు బయట విడిచి, ఆ అరుగు దగ్గరికి పోతాడు.

అంతలో బూట్ల బ్యాకు మా కెప్టెన్ కాలి మీద తొక్కాడు. కాలు అప్పటికప్పుడు వాచిపోయింది. అయినా బయటికి పోలేదు. నేను దగ్గరికి పరుగెత్తాను.

“అన్నా, కిందనే ఇయ్యన్నా.”

“యాడి కిందప్పా? కాలు నా మాట ఇంటాలేదు. బంతి ఎట్లొస్తే అట్లొస్తాది. నువ్వే చూసుకో.”

రెఫరీ గడియారం చూసుకుంటున్నాడు. కెప్టెన్ ఎడమ అంచున బంతి పట్టుకుని కుంటుతూ ముందుకు పోయాడు. ఇద్దరు బ్యాకులు పత్తికొండ కుర్రవాడికి అంటుకుపోయారు. నన్నెవడూ పట్టించుకోలేదు. నెత్తి లేనివాడు గాలిలో ఏం చేస్తాడని వాళ్ల ధీమా. కెప్టెన్ వాచిన కాలితోనే తన్నాడు. బంతి నేల మీద రాలేదు. పైకి లేచి, మెల్లగా తిరుగుతూ నా మీదికి వచ్చింది.

అది తిరుగుతుంటే తోలు తాడు ముడి కనబడుతూ, మరుగవుతూ ఉంది. నాకు మా అమ్మ నెత్తి మీద నా చెయ్యి గుర్తొచ్చింది. ఆ అరుగూ గుర్తొచ్చింది. మా నాయన నెత్తి మీద తోలు పడింది ఆయన కదలకుండా నిలబడినందుకు. ఇప్పుడు నేను కదలకుండా ఉంటే ఆయన మళ్లీ అక్కడికే పోయి నిలబడాలి. ఇంత ఆలోచన ఆ కాస్త వ్యవధిలో ఎలా పట్టిందో నాకు తెలియదు. కళ్లు మూసుకోలేదు. ఎగిరాను. ముడి ఉన్న వైపే వచ్చి నుదుటికి తగిలింది. తగలడం కాదు, నేనే నా బలమంతా పెట్టి దాన్ని పొడిచాను.

కింద పడ్డాక ఏమీ కనబడలేదు. ముందు చెవుల్లో హోరు, ఆ తరువాత జనం అరుపు, మీద ఎవరిదో బరువు. పత్తికొండ కుర్రవాడు నన్ను లేవదీసి, నుదుటి మీది నెత్తురు తన బనీనుతో అద్దుతూ, “ఉండాదే అన్నా నీకు నెత్తి!” అన్నాడు. వాడి కళ్లలో నీళ్లు. గెలిచినందుకో, పోగొట్టుకున్నందుకో నేను అడగలేదు. తెల్లవారి స్టేషనులో వాడు వేరే రైలెక్కుతుంటే వాడి ముఖం చూడలేకపోయాను.

పని నాకే వచ్చింది. అయినా ఒట్టు తప్పి ఇంటికి పోతుంటే పట్టిన గుబులు ముందు కడప మైదానంలో పడ్డది ఏపాటి? నుదురు కందిపోయి ఉబ్బింది. తాడు అల్లిక చర్మం మీద అచ్చు గుద్దినట్టు పడింది. ఎవరు చూసినా అదేమిటో తెలిసిపోతుంది. తువ్వాలు కళ్ల దాకా దించుకుని మిట్టమధ్యాహ్నం గడప దాటాను. మా అమ్మ ఎదురొచ్చి, ఒక్క చూపు చూసి, తువ్వాలు లాగేసింది.

“ఎవురు రా?” అంది. “ఎవురు కొట్టినారు రా నిన్ను?”

“ఎవురూ కొట్టలేదమ్మా. నేనే కొట్టినా. నెత్తితో కొట్టినా. గోలు పడింది.”

ఆమె చెయ్యి తన నెత్తి మీదికి పోయి అక్కడే ఆగింది. నేను గబగబా చెప్పేశాను. “మిల్లులో పని కుదిరిందమ్మా. నాయన ఆడికి పోయే పన్లేదు.”

ఆమె ఏడ్చిందో, తిట్టిందో, రెండూ కలిపి చేసిందో ఇప్పుడు చెప్పలేను. మా నాయన నూలు లేని మగ్గం గుంటలో కాళ్లు వేలాడేసుకుని కూర్చుని ఉన్నాడు. మెల్లగా పైకి లేచి వచ్చాడు. నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పాడు. చీర అంచులో పోగు తప్పిందేమోనని చూసినట్టు, ఆ తాడు అచ్చు మీద వేలితో తడిమి చూశాడు.

“నొచ్చిందా?” అన్నాడు.

“శానా నొచ్చింది నాయనా.”

“నొస్తాది” అన్నాడు మా నాయన.

ఆ సంత రోజు గురించి ఆయన నోట నేను విన్న మాట అదొక్కటే. నాకు దుఃఖం ఆగలేదు. ఆయన నా ఏడుపు చూడనట్టు చేతులు పైకెత్తి, తలకు చుట్టిన రుమాలు ఒక్కొక్క చుట్టే విప్పాడు. మా అమ్మ నీళ్ల చెంబు తెచ్చి పట్టుకుంది. రుమాలు తడిపి, పిండి, మడత పెట్టి నా నుదుటికి కట్టాడు. ముడి దెబ్బ మీద పడకుండా పక్కకు జరిపాడు. ఆయన జుట్టు ఎప్పుడు నెరిసిందో నాకు తెలియదు. ఆ రోజు చూస్తే పూర్తిగా తెల్లగా ఉంది.