పచ్చచుక్క

మా జపాన్ కంపెనీ సిడ్నీ ఆఫీసులో మేనేజరు లేవకుండా ఎవరూ కుర్చీ వదలరు. ఇంటి నుంచి పని మొదలయ్యాక ఆ పీడ విరగడైందనుకున్నాను. ఎక్కడ! టోక్యోకి తిరిగెళ్లి అక్కణ్ణుంచే పనిచేస్తున్న మా మేనేజరు పేరు పక్కన, ఆఫీసు చాట్‌లో ఆయన ఆన్‌లైన్‌లో ఉన్నట్టు చూపే పచ్చచుక్క వెలుగుతున్నంతసేపూ, సిడ్నీ శివారు టూంగాబీలోని మా ఇంట్లో నేను పనిలేకపోయినా లాప్‌టాప్ ముందు కూర్చునేవాణ్ణి. మాకు ఆరైతే ఆయనకు ఐదు. మాకు ఎనిమిదైనా ఆ చుక్క ఆరేది కాదు. ఈ మనిషికి ఇల్లూ వాకిలీ లేవా అని రోజూ తిట్టుకునేవాణ్ణి.

ఒకరోజు ఆరింటికి మా అమ్మాయి వచ్చి, "నాన్నా, హీ కాంట్ ఈవెన్ సీ యూ!" అంటూ లాప్‌టాప్ మూసేసి, నన్ను భోజనానికి లాక్కుపోయింది.

మర్నాడు పొద్దున్నే మేనేజరు ఫోన్ చేశారు. నా ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను.

"నిన్న మీ చుక్క తొందరగా ఆరింది. థాంక్యూ," అన్నారాయన మెల్లగా. "మీరింకా పనిలో ఉంటే నేనెలా లేచి వెళ్లను? నిన్న మా పిల్లలతో కలిసి అన్నం తిన్నాను."

గుండెల మీంచి బండరాయి దిగినట్టయింది. ఆ సాయంత్రం సరిగ్గా ఆరింటికి లాప్‌టాప్ మూయబోతూ చాట్ చూశాను. ఆయన చుక్క అప్పటికే ఆరిపోయి ఉంది.