మేం చేతులెత్తిన డ్రా

కెనడాలో, బ్రాంప్టన్‌లోని మా బేస్‌మెంట్‌లో ఆ రోజుల్లో నలుగురు అమ్మాయిలం ఉండేవాళ్ళం. ఎవరు ‘డ్రా’ అన్నా మా చెవులు నిక్కబొడుచుకునేవి. మాకు తెలిసిన డ్రా ఒక్కటే: ఇక్కడ ఉండిపోవడానికి పీఆర్ కోసం పేరిచ్చి కాచుకున్నవాళ్ళలోంచి గవర్నమెంటు అప్పుడప్పుడూ కొందరిని పిలిచేది. అందులోనూ మాలో పెద్దదైన అక్కకి వర్క్ పర్మిట్ మూడు నెలల్లో అయిపోతోంది. ఈలోగా డ్రాలో పేరు రాకపోతే పెట్టె సర్దుకోవడమే.

ఒక శనివారం పైన ఉండే ఓనర్ అంకుల్ మెట్ల మీంచి కేకేశారు.

“రేపు మన తెలుగు సంఘంలో డ్రా మీద ఓటింగ్ అమ్మా. స్టూడెంట్లకీ ఓటుంది. వచ్చి చేతులెత్తండి.”

ఏ డ్రా అని అడగాలన్న బుద్ధి ఒక్కరికీ పుట్టలేదు. సంఘం తరఫున గవర్నమెంటుకి అర్జీ పెడుతున్నారని మాకు మేమే తేల్చేసుకున్నాం. రెండు బస్సులు మారి, మంచులో బూట్లీడ్చుకుంటూ వెళ్ళాం.

హాల్లో అప్పటికే గొడవ రాజుకుంది. ఒక రిటైర్డ్ టీచర్ ఆంటీ మైకు వదలడం లేదు.

“డ్రా అంటే జూదమే! అదృష్టం మీద ఆశపెట్టుకుని కూర్చోమని పిల్లలకి నేర్పుతామా?”

నోట్లో నాలుక లేదని మేమనుకునే అక్క గభాల్న లేచింది. “ఆశ పెట్టుకోక ఏం చెయ్యాలె ఆంటీ? నా పర్మిట్ మూడు నెలల్ల అయిపోతది. డ్రా లేకపోతే నేనేడికి పోవాలె?” అని భోరుమంది.

ఆంటీ మైకు దించారు. “నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు గానీ, నువ్వు ఏడవకు తల్లీ” అంటూ ముందుగా ఆవిడే చెయ్యెత్తారు. వెనకే హాలంతా ఎత్తింది.

అప్పుడు అధ్యక్షుడుగారు తీర్మానం చదివారు. ఇకనుంచి ఏటా ఉగాదికి సంఘమే లాటరీ నడుపుతుంది. మొదటి బహుమతి, హైదరాబాద్‌కి విమానం టికెట్. మా మొహాల్లో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు.

ఉగాదినాడు ఆ బహుమతి ఎవరికి తగిలిందో వేరే చెప్పాలా! స్టేజీ మీద అక్క భయంభయంగా అడిగింది. “వన్‌వేనా? రిటర్న్ ఉన్నదా?”

అందరూ పగలబడి నవ్వారు. మేం ముగ్గురం మాత్రం నవ్వలేదు. రిటర్న్ ఉందట. అయినా ఆ టికెట్ కాగితాన్ని ఫ్రిజ్‌కి అంటించి, దాని మొహం చూడకుండా పాలు తీసుకునేది అక్క. ఆంటీ మాత్రం అప్పట్నుంచీ వారం వారం ఫోన్ చేసి బాగోగులు అడిగేవారు. డ్రాలు రెండున్నాయని ఆవిడకి చెప్పడానికి మాకు సిగ్గేసింది.

పర్మిట్ ఇంకో పదకొండు రోజుల్లో అయిపోతుందనగా అక్కకి మెయిల్ వచ్చింది. ముందు ఆంటీకే ఫోన్ కలిపింది.

“ఆంటీ, డ్రాల నా పేరొచ్చింది!”

“మళ్ళీనా? ఈసారి ఏమిచ్చారే?”

అక్క నవ్వుతూనే ఏడ్చేసింది.

“ఉండమన్నరు ఆంటీ.”