పర్సిస్ కాదన్న రోజు

అమెరికాలో, ఇర్వింగ్ ఊరి తెలుగు చర్చిలో పర్సిస్ నోటికి జడవనివాళ్ళు లేరు. పాస్టరుగారి ప్రసంగం మరీ సాగితే రెండో వరసలోంచి గట్టిగా గొంతు సవరించేది ఆవిడే. క్రిస్మస్ విందులో చివరి వరసవాళ్ళకి బిరియానీ అందలేదని కమిటీ పెద్దలను నిలబెట్టి కడిగేసేదీ ఆవిడే. "మా ఇంట్లో మైకు ఎప్పుడూ ఆవిడ చేతిలోనే ఉంటుందండి" అంటాడు భర్త మోజెస్. ఆ మాట అనేటప్పుడు అతని మొహంలో బాధేమీ కనిపించదు.

అంతటి మనిషికీ ఒక జబ్బుంది. చర్చి అంటే సొంతిల్లు, అక్కడ ఎంత అరిచినా చెల్లుతుంది. కానీ ఆఫీసులో పైవాడు ఎదురుగా నిలబడి "ఇలా చేద్దాం, ఏమంటావ్?" అంటే చాలు, ఆవిడకి కాదనడం చేతకాదు. నరసాపురంలో వాళ్ళ నాన్నగారు హెడ్మాస్టరు. ఆయన ఏం చెప్పినా "అలాగే నాన్నా" అనడం, ఆనక తనకి తోచింది చేసుకోవడం ఆ ఇంటి పద్ధతి. ఆ అలాగేలో ఒప్పుకోలు వెతికేంత అమాయకుడు కాదు ఆ హెడ్మాస్టరు కూడా. పెద్దాయన మొహం మీద కాదనకుండా ఉండటం మర్యాద, అంతే. మనలో ఎవరికి లేదు చెప్పండి ఈ జబ్బు!

ఆర్లింగ్టన్‌లో ఎంఎస్ చేసి, లాస్ కొలీనాస్‌లో కొన్నాళ్ళు డేటాబేసులు చూసుకున్న పర్సిస్, అమెరికన్ ఫుట్‌బాల్‌లోకి రావడం విచిత్రమే. థాంక్స్‌గివింగ్ పండగ నాడు చర్చి హాల్లో మగాళ్ళంతా టీవీ ముందు చేరి కేకలు పెడుతుంటే, ఈవిడ ప్లేటు పట్టుకుని వెళ్ళి, తెర మీద తడబడుతున్న ఆటగాణ్ణి చూపించి, "అసలు వీణ్ణి జట్టులోకి తీసుకున్నది ఎవరు?" అని అడిగింది. ఎవరూ చెప్పలేకపోయారు. ఆట సంగతి తర్వాత, ఆ ప్రశ్న మాత్రం ఆవిడని పట్టుకుంది. జవాబు వెతుక్కుంటూ వెళ్ళి వెళ్ళి చివరికి బ్రేజోస్ బైసన్స్ అనే జట్టు ఫ్రంట్ ఆఫీసులో తేలింది.

ఫ్రంట్ ఆఫీసంటే ఆటగాళ్ళని తెచ్చేది, పంపేది. మైదానం పక్కన నిలబడి వాళ్ళని ఆడించేది కోచ్. చర్చి భాషలో చెప్పాలంటే కోచ్ పాస్టరు, ఫ్రంట్ ఆఫీసు కమిటీ. ప్రసంగం ఒకరిది, తాళాలు మరొకరివి. ఇక గొడవకి కొదవేముంటుంది? ఆ ఆఫీసుకి పెద్ద వెస్ టాల్బట్, జనరల్ మేనేజరు. ఏ ఆటగాడు నిలబడతాడో, ఎవడు తేలిపోతాడో లెక్క కట్టి చెప్పే గదిలో పర్సిస్‌ని కూర్చోబెట్టింది ఆయనే. ఆవిడ హెచ్-వన్ వీసా కాగితాల మీద సంతకం ఆయనదే, గ్రీన్ కార్డ్ ఫైలు కదిలించిందీ ఆయనే. మోజెస్ ఉద్యోగం చేసుకునే పర్మిట్ కూడా ఆవిడ వీసాకే వేలాడుతోంది.

ఆ ఏడు జట్టు ఘోరంగా ఓడింది. ఓడితే ముందు తెగేది కోచ్ మెడే కదా, పాత కోచ్‌నీ, అతని వెంట వచ్చినవాళ్ళనీ ఒక్క ఉదయాన సాగనంపారు. కొత్త కోచ్ డగ్ మెరిక్ వస్తూనే షరతు పెట్టాడు: జట్టులో ఎవరుండాలో చివరి మాట నాదే. టాల్బట్ భగ్గుమన్నాడు. జట్టు ఓనరమ్మ డయాన్ హాల్బర్ట్ గడుసుది. "ఇద్దరూ ఒక మాట మీదకి రండి. రాకపోతే నేను తేలుస్తాను" అని ఊరుకుంది.

మొదటి తగువు క్వార్టర్‌బ్యాక్ దగ్గరే వచ్చింది. బంతి విసిరేవాడు వాడే, జట్టంతా వాడి చేతిలోనే. ఇప్పుడున్న కుర్రాడు డాల్టన్‌ని ఏరికోరి తెచ్చింది టాల్బట్. మెరిక్‌కి మాత్రం తను ఇదివరకు ఆడించిన పాతకాపు బ్రాడీన్ కావాలి, అదీ దీర్ఘకాలం ఒప్పందంతో.

ఒక పొద్దున్న మెరిక్ కారిడార్‌లో ఎదురయ్యాడు. "బ్రాడీన్‌ని తెద్దామనుకుంటున్నా. సరైన పనే కదూ?"

"షూర్, కోచ్" అంది పర్సిస్.

మధ్యాహ్నం కాఫీ దగ్గర టాల్బట్ కనిపించాడు. "డాల్టన్ ఎక్కడికీ వెళ్ళడు. నువ్వు నా పక్కేగా?"

"షూర్, సర్."

సాయంత్రం హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాక గాని తను చేసిన పని ఆవిడకి తెలిసిరాలేదు. ఇంటికొచ్చి బ్యాగు సోఫాలో పడేసింది. "ఏవండీ, కొంప మునిగింది."

విషయం విని మోజెస్ నోరు తెరిచాడు. "ఇద్దరికీ షూర్ అన్నావా? పప్పులో కాలేశావు పర్సీ!"

"మనం అలాగేనండీ అంటాం చూడండి, అలా అన్నానంతే!"

"అలా అనుకోడానికి వాళ్ళదేమన్నా నరసాపురమా?" అని తల పట్టుకున్నాడు. "ఒకడు నీ వీసా ఇచ్చినాయన. ఇంకోడు రేపు అందరి మీదా పెత్తనం చేసేవాడు. ఎవరికి కోపం వచ్చినా జాబ్ పోద్ది. జాబ్ పోతే మనిద్దరం పెట్టెలు సర్దుకోవడమే. అసలు నీ ఒపీనియన్ ఏంటి?"

"ఇద్దరూ తప్పే."

"చచ్చాం" అన్నాడు మోజెస్.

"ఏం చావం. రేపు పొద్దున్నే ఇద్దరికీ విడివిడిగా చెప్పేస్తా" అంది పర్సిస్. అన్నాక ధైర్యం వచ్చింది, అన్నం కూడా తిన్నది.

తెల్లారి ఆఫీసులో అడుగు పెట్టేసరికి, క్వార్టర్‌బ్యాక్ సంగతి తేల్చే మీటింగు అనుకున్నదానికన్నా ముందే పెట్టేశారు. బల్లకి ఆ చివర ఓనరమ్మ, అటూ ఇటూ ఆ ఇద్దరూ. పర్సిస్ కుర్చీలో సర్దుకోకముందే మెరిక్ మొదలెట్టాడు. "మీ సొంత లెక్కల మనిషే నాతో ఒప్పుకుంది. అడగండి."

టాల్బట్ నవ్వాడు. "నా మనిషి నాతో ఒప్పుకుంది. నిన్ననే."

ఓనరమ్మ కళ్ళజోడు పైనుంచి పర్సిస్‌ని చూసింది. "ఒకేసారి ఇద్దరితోనూ ఎలా ఒప్పుకున్నావమ్మాయ్?"

పర్సిస్‌కి వీసా గుర్తొచ్చింది, మోజెస్ గుర్తొచ్చాడు. కానీ అంతకన్నా ముందు ఒళ్ళు మండింది. తన మీద తనకే మంట. బిరియానీ కోసం గొంతు చించుకునే మనిషి, తను చదివిన చదువు గురించి అడిగితే పిల్లిలా ముడుచుకోవడమేమిటి? లేచి నిలబడింది.

"ఒప్పుకోలేదు మేడమ్. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళ మొహం మీద కాదనం. అది మా అలవాటు, నా పొరపాటు. ఇప్పుడు నా మాట చెప్తాను" అంది. "కోచ్, బ్రాడీన్ వచ్చే సీజన్‌కి పనికొస్తాడు, తెప్పించండి. కానీ ఆ తర్వాత అతని భుజం నిలబడదు. మీరడిగే పెద్ద ఒప్పందం ఇస్తే జట్టు మునుగుతుంది." మెరిక్ మొహం ఎర్రబడింది. పర్సిస్ రెండోవైపు తిరిగింది. ఇది అసలు కష్టం. "సర్, డాల్టన్ మంచివాడు. కానీ మీదికి మనుషులు దూకినప్పుడు సమయానికి బంతి విసరకుండా పట్టుకుని ఉండిపోతాడు. వచ్చిన రోజు ఎలా ఉన్నాడో ఇవాళా అలాగే ఉన్నాడు. వాడి కోసం ఆగడం దండగ."

టాల్బట్ బల్ల మీదున్న తన చేతుల్నే చూసుకున్నాడు.

ఓనరమ్మ అట్టే ఆలోచించలేదు. "బ్రాడీన్, ఒక్క సీజన్. ఆలోపు మీ ఇద్దరూ కలిసి కొత్తవాణ్ణి వెతకండి. వెతికేటప్పుడు ఈ అమ్మాయి గదిలో ఉండాలి" అని లేచిపోయింది. మెరిక్ గుమ్మం దగ్గర ఆగాడు. "ఇంకెప్పుడూ నాతో షూర్ అనకు" అని పర్సిస్ వైపు వేలు చూపించి వెళ్ళాడు. ఆ గొంతులో కోపం ఉన్నా ద్వేషం లేదు.

టాల్బట్ మాత్రం ఆవిడ వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. పర్సిస్‌కి అందుకే భయం వేసింది. అన్నం పెట్టిన మనిషిని నలుగురిలో తలదించుకునేలా చేశానే అని బాధపడింది. మాటల్ని మాత్రం వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

భోజనాల వేళ ఆయనే ఆవిడ గదికొచ్చాడు. తలుపు మూశాడు. ఉద్యోగం ఊడిందనుకుంది పర్సిస్. అయినా తల దించలేదు.

"మూడేళ్ళుగా నిన్ను అడిగే అన్నీ చేశాను. ప్రతిసారీ షూర్ అన్నావు" అన్నాడు టాల్బట్ మెల్లగా. "ఆ షూర్‌లలో అసలు కాదనాల్సినవి ఎన్ని?"

పర్సిస్‌కి ఈ దెబ్బ ఊహకైనా రాలేదు. ఆయన్ని గౌరవిస్తున్నాననుకుంది ఇన్నాళ్ళూ. ఆయన తన మాట మీద ఆనుకుని నడిచాడని తెలియలేదు.

"చాలా ఉన్నాయి సర్."

"మొదటిది?"

"డాల్టన్‌ని తీసుకోవడం."

టాల్బట్ గోడ పక్కనున్న కుర్చీ లాక్కుని, ఆవిడ ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు.

"రెండోది చెప్పు" అన్నాడు.