కాయల చప్పుడే తాళం

మైసూరు సంగీత కళాశాలలో నాకు సీటొచ్చిందన్న కబురు మొదట తెచ్చింది మా పోస్టుమ్యాను. అప్పుడు మేనత్తా నేనూ విత్తనానికి వేరుశనక్కాయలు ఒలుస్తున్నాం. కాయలు చిట్లే చప్పుడే తాళంగా, వానల్లేని ఆ ఏళ్లలో ఆమె ఇంట్లోనే నాకు పాట నేర్పింది.

మా అన్న ఆ ఉత్తరం చించేసి, రోకలితో అత్త తంబూరా పగలగొట్టాడు.

"మైసూర్లో పదిమంది ముందర పాడతావా? పాడేదానికి నోరుండాలి గదా!" అంటూ నా మూతి మీదికి రోకలెత్తాడు.

అత్త చెయ్యి అడ్డం పెట్టింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది.

"ఈ చెయ్యి పోతే ఇంకోటుండాది. నీకు గొంతొకటే గదా, పో పాపా" అంది, నెత్తురోడుతూనే.

చిరిగిన ఉత్తరాన్ని గంజితో అతికించుకుని మర్నాడే బస్సెక్కాను. దేవుడి దయవల్ల చదువు పూర్తయింది. ఆ చేత్తో అత్త మళ్లీ కాయ ఒలవలేదు. ఈ కచేరీలో నా పాట మీకు నచ్చితే, ఆమెను ఒక్కసారి తలుచుకోండి.