మనవడు మాట్లాడాడని చెప్పిన టొక్తోసున్

కొండల దేశంలో కొచ్కోర్ ఊరి నుంచి నారిన్ ఊరికి షేర్ టాక్సీ తోలే టొక్తోసున్ కారెక్కితే, దిగేలోపు ఒక తోడేలైనా ఎదురుపడేది, అతని మాటల్లో. కనుమ మంచులో బండి ఇరుక్కుంటే తోడేలు వెనక నుంచి తోసిపెట్టి, కూలికి సిగరెట్ అడిగిందట. అతను ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాడు. "చదువుకున్నవాళ్ళని మోసేది నేనేగా" అనేవాడు.

ఆ నోరు మనవడి దగ్గరే మూతపడేది. ఆరేళ్ళ అజమత్‌కి ఆటిజం. మాట రాదు. పాల టీలో ముంచిన రొట్టె తప్ప ఇంకేదీ ముట్టడు.

ఒకరోజు ఫోనులో తెల్లకోటు ఆసామి కనిపించి, రొట్టె, పాలు ఆపితే ఇలాంటి పిల్లలు మాట్లాడతారన్నాడు. లక్షలమంది చూసిన వీడియో. టొక్తోసున్ ఇంట్లో ఉన్న రొట్టెలన్నీ మూటగట్టి పక్కింట్లో ఇచ్చేశాడు. అదంతా ఉత్తదేనని అజమత్ తల్లి, అంటే కోడలు నుర్జాత్‌కి, ఒక డాక్టరు ముందే చెప్పాడు. కానీ మామగారి పేరైనా పలకకూడని కోడలు ఆయన మాటకి అడ్డం చెబుతుందా? "అత్తయ్యా, వీడు ఇంకేమీ తినడు" అని అత్తతో అంది, ఆయనకి వినపడేలా. టొక్తోసున్ విననట్టు టీ తాగాడు.

మర్నాడు కారులో కెన్జెగుల్ అనే తల్లి ఎక్కింది. ఒళ్ళో పిల్లాడు ఆగకుండా చేతులు ఊపుతున్నాడు. టొక్తోసున్ ఊరుకోలేదు, వీడియో సంగతి ఎత్తాడు.

"నిజంగా పనిచేస్తుందా, బైకే?" ఆ దేశంలో పెద్దన్నని అలాగే పిలుస్తారు.

"చేయకేం. రొట్టె మానిపించానా, పొద్దున్నే మనవడు లేచి, తాతా, టైరులో గాలి తక్కువుంది అన్నాడు."

"మరి చూసుకున్నావా?" వెనక సీటాయన అడిగాడు.

"చూశా. తక్కువే ఉంది."

కారంతా నవ్వింది. కెన్జెగుల్ నవ్వలేదు. "ఇంకోసారి చెప్పండి" అని ఫోను ఎత్తి పట్టుకుంది. టొక్తోసున్ టోపీ సర్దుకుని, మొదటిసారికన్నా బాగా చెప్పాడు.

ఇంట్లో అజమత్ రోజూ ఆకలితోనే పడుకుంటూ, చివరికి సొమ్మసిల్లిపోయాడు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు.

"ఈ సలహా ఎవరిచ్చారు?" డాక్టరమ్మ అడిగింది.

"వీడియోలో చూశానమ్మా. తెల్లకోటు వేసుకున్నాడు."

"మా వీధి కసాయి కూడా వేసుకుంటాడు. ఒక్కటే తినే పిల్లాడి దగ్గర ఆ ఒక్కటీ లాగేస్తే ఏం మిగులుతుంది? తిండి మాన్పిస్తే ఆటిజం పోదు, పిల్లాడే పోతాడు."

ఆ తెల్లకోటును చూపించబోయి ఫోను తెరిచాడు. దాని కిందే కారులో కెన్జెగుల్ తీసిన తన వీడియో, టోపీతో సహా. ఎవరో రాశారు: "డాక్టర్లని నమ్మను, ఈ తాతని నమ్ముతాను." నుర్జాత్ కూడా చదివింది. కొడుకు వైపు తిరిగి వాడి పాదాలు రుద్దసాగింది. తిట్టినా బాగుండేదనుకున్నాడు టొక్తోసున్.

ఆసుపత్రి నుంచి నేరుగా, ఆ రోజు తను దించివచ్చిన కెన్జెగుల్ ఇంటికి వెళ్ళాడు. ఆమె ముఖం వెలిగిపోయింది. "రండి బైకే. వచ్చినవాళ్ళకి రొట్టె పెట్టని ఇల్లని తిట్టుకోకండి, మీరు చెప్పాక ఇంట్లో ఉంచడం లేదు. మనవడు ఇప్పుడేం మాట్లాడుతున్నాడు?"

మూలన కూర్చున్న పిల్లాడి మెడ ఎముకలు కనిపిస్తున్నాయి.

"ఏమీ మాట్లాడడు. ఎప్పుడూ మాట్లాడలేదు."

"టైరు?"

"టైరూ లేదు, మాటా లేదు. కల్పించాను. వాడు ఆసుపత్రిలో ఉన్నాడు. రొట్టె పెట్టు తల్లీ."

ఆమె పిల్లాడి వైపు తిరిగింది. "వీడు రొట్టె కోసం ఏడుస్తుంటే తలుపు వేసుకున్నాను. మనసు కరగకుండా మీ వీడియో చూస్తూ కూర్చున్నాను."

పక్కింటికి పరిగెత్తి రొట్టె తెచ్చింది. పిల్లాడు రెండు చేతులా లాక్కున్నాడు. టొక్తోసున్ లేచాడు. గడప దాటేవాళ్ళని ఒక్క రొట్టెముక్కైనా నోట పెట్టనిదే పంపని ఊరది. ఆమె అతన్ని ఉండమనలేదు.

వీడియో ఆమె తీసేసింది, కానీ అప్పటికే ఊళ్ళు తిరుగుతోంది. కారెక్కినవాళ్ళు గుర్తుపట్టి మనవడి గురించి అడుగుతారు. టొక్తోసున్ బండి పక్కకి ఆపి, అబద్ధమాడానని చెబుతాడు. కొందరు నవ్వుతారు, తోడేలు కథలాగే ఇదీ ఒకటనుకుని.